తాళం వేసిన ఈగల ఇల్లు

మా పురపాలక సంఘం ఈగలకు పక్కా ఇళ్ళు కట్టించాలని తలపెట్టడానికి కారణం నేను కాదు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఊళ్ళో చాలామంది నేనే అనుకుంటున్నారు. అసలు కారణం మా వార్డు సెక్రటరీ ప్రసన్న. పాపం ఆ అమ్మాయి కూడా కావాలని చేసింది కాదు. కొళాయి చూడటానికి మా పెరట్లోకి వచ్చి, మునగచెట్టు పక్కన గోడకు తగిలించి ఉన్న పెట్టెను చూసి ముచ్చటపడి, ఫోటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పొద్దున పెట్టిన ఫోటో మధ్యాహ్నానికి ఆలోచన అయింది. సాయంత్రానికి తీర్మానం అయింది.

ఆ పెట్టె ఒకప్పుడు మా ఇంటి రేడియో. అది పలకడం మానేశాక దాని చెక్క డొక్కను పారెయ్యడానికి మా ఆవిడ సుభాషిణికి మనసొప్పలేదు. అదే రోజుల్లో దండెం కట్టిన వెదురుబొంగులోకి ఒక నల్లటి ఈగ వచ్చి వెళుతూ ఉండటం, చివరికి బొంగు మూతికి మట్టి పూసి పోవడం ఆవిడ కంటపడింది. వెదురు ముక్కలూ, ఎండిన ఆముదం కాడలూ, బొప్పాయి ఆకుల కాడలూ జానెడేసి కోసి, రేడియో డొక్కలో కట్టెలు పేర్చినట్టు పేర్చి, పొద్దుటి ఎండ తగిలేలా గోడకు తగిలించింది. వారం తిరిగేసరికి గొట్టానికొకటి చొప్పున ఈగలు కాపురానికి వచ్చేశాయి.

ఇవి తేనెటీగలకు చుట్టాలే కానీ తేనె పెట్టవు. రాణి లేదు, సైన్యం లేదు, గుంపులు లేవు. ఎవర్నీ కుట్టవు. ప్రతి ఈగా తన గొట్టం తానే చూసుకుంటుంది. లోపలి చివర పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, మట్టితో అడ్డుగోడ కడుతుంది. మళ్ళీ ముద్ద, మళ్ళీ గుడ్డు, మళ్ళీ గోడ. గొట్టం నిండాక మూతిని కూడా మట్టితో గట్టిగా అలికేసి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకదు. పిల్లలు లోపలే తిని, లోపలే నిద్రపోయి, తమ వేళ వచ్చినప్పుడు మట్టి కొరుక్కుని బయటికి వస్తాయి. సుభాషిణి వాటిని తాపీ మేస్త్రులు అనేది. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివి పోస్టాఫీసులో స్టాంపులు అమ్మినవాణ్ణి కనుక, వాటి శాస్త్రీయ నామం కోసం నాలుగు రోజులు వెతికి, చివరికి నేను కూడా మేస్త్రులనే అన్నాను.

ఆవిడ పోయి ఏడాది దాటింది. మేస్త్రులు మాత్రం వేళకు పనిలోకి వస్తూనే ఉన్నాయి. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లో కూర్చుంటే, పొట్టంతా పుప్పొడి పసుపు పూసుకుని వచ్చి, నన్ను చుట్టి వెళ్ళి తమ గుమ్మంలో దిగుతాయి. ఇల్లు మరీ అంత ఖాళీగా లేదనిపించడానికి ఆ చిన్న చప్పుడు చాలు. ఈ కథ జరిగేనాటికి చిక్కుడు పూత మీద ఉంది. సగానికి పైగా గొట్టాలు మూసుకున్నాయి. లోపల ఉన్నవి సుభాషిణి చేతుల మీదుగా కాపురం పెట్టినవాటి మునిమనవలు.

మా వీధి చివరే మున్సిపల్ ఆఫీసు. అక్కడి సమావేశ మందిరంలో కమిషనర్ గారు పథకాన్ని ప్రకటించారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు.

"మానవునికి నీడ కల్పించడంలో మన పట్టణం గణనీయమైన పురోగతి సాధించింది," అన్నారు ఆయన. "కానీ ఈగ మాటేమిటి? ఈగ కూడా మన పౌర సమాజంలో అంతర్భాగం కాదా? ఈగకు గూడు లేకపోవడం మనందరి సామూహిక వైఫల్యం కాదా? అందుచేత భ్రమర భరోసా అనే సమగ్ర పథకానికి శ్రీకారం చుడుతున్నాం. ఇంటికో ఈగ ఇల్లు! రాష్ట్ర స్థాయి పురస్కారం మనదే!"

చప్పట్లు మోగాయి. నా పక్కన కూర్చున్న నూకరత్నం నా చెవిలో, "అన్నయ్యగారూ, నా ఇంటి పట్టా కూడా ఓ ఈగ చేత అడిగిస్తే ఇస్తారంటారా?" అంది.

నూకరత్నం మా పక్కింట్లో అద్దెకుంటుంది. గోడ మీదుగా కూరా, కబురూ రెండూ అందిస్తుంది. ఆవిడకు ఊరి బయట కాలనీలో సర్కారు ఇల్లు ఒకటి వచ్చింది. కూతురి పురిటికని వెళ్ళి తిరిగొచ్చేసరికి, తాళం వేసి ఉంది కాబట్టి మీరు అందులో ఉండటం లేదని తేల్చి, తాళం పగలగొట్టి ఇంకొకరికి ఇచ్చేశారు. అప్పటినుంచీ ఆవిడకు మున్సిపాలిటీ వారి మీద ఒక రకమైన ఆసక్తి.

పేరులో ఇల్లు అని ఉంది కనుక పథకం హౌసింగ్ విభాగానికి వెళ్ళింది. అక్కడి ఏఈ గంగాధరం గారు నిబంధనలు తప్ప మరో దురలవాటు లేని మనిషి. మర్నాడే టేపు పట్టుకుని మా పెరట్లోకి వచ్చారు.

"సార్, తమరి ఇల్లు బాగానే ఉంది కానీ నిర్మాణపరంగా లోపాలున్నాయి," అన్నారు పెట్టెను కొలుస్తూ. "పునాది లేదు."

"గోడకు తగిలించిందండి మరి."

"వంటగది?"

"అవి వండుకోవండి."

"వండుకోకపోవడం లబ్ధిదారు ఇష్టం సార్. ఆగ్నేయంలో వంటగది ఇవ్వడం మా బాధ్యత. మరుగుదొడ్డి?"

నేను మునగచెట్టు వైపు చూశాను. ఆయన బాధగా తల ఊపి రాసుకున్నారు. "బహిరంగ మలవిసర్జన రహిత పట్టణం సార్ మనది. ఈగల వల్ల ఆ హోదా పోతే ఎవరు జవాబు చెప్తారు?"

రెండు వారాల్లో నమూనా గృహం తయారైంది. సిమెంటు పునాది, పైన శ్లాబు, దాని కింద ప్లాస్టిక్ గొట్టాలు. మేస్త్రులకు చిటికెనవేలు దూరేంత సన్నటి గొట్టం కావాలి. ఆ సంగతి చెప్పాను. కానీ ప్రభుత్వ రేట్ల పట్టికలో అన్నిటికంటే సన్నటి గొట్టం పిడికిలి దూరేంత ఉందట. పట్టికలో లేని సైజు కొంటే ఆడిట్ అభ్యంతరం వస్తుందన్నారు. ఆ గృహానికి గులాబీ రంగు వేయించి, ఒక గొట్టం మీద నీలిరంగుతో మరుగుదొడ్డి అని రాయించారు. చదువురాని ఈగల కోసం పక్కన బొమ్మ కూడా వేయించారు.

ఇలాంటివి ఊరంతా లేచాయి. పార్కులో, బస్టాండులో, శ్మశానం గోడ మీద, పోలీస్ స్టేషను ముందు. పునాది దగ్గర ఒక ఫోటో, గోడల దగ్గర ఒక ఫోటో, శ్లాబు దగ్గర ఒక ఫోటో. ప్రతి ఫోటోలోనూ లబ్ధిదారు ఇంటి ముందు నిలబడాలి. ఈగ నిలబడదు కనుక పాపం ప్రసన్న నిలబడింది. ఆ నెలలో ఆ అమ్మాయి పేరు మీద పట్టణంలో ఉన్నన్ని ఇళ్ళు మరెవరికీ లేవు.

కార్తీకంలో మంచి రోజు చూసి పార్కులో సామూహిక గృహప్రవేశం పెట్టారు. అన్నిటికీ ఆదర్శంగా ఉంటుందని మా రేడియో పెట్టెను కూడా పథకంలో చేర్చి, మా పెరటి మట్టి కొంచెం తీసుకెళ్ళి, పూజలో పెట్టారు. పందిరి వేశారు. ఆవును తెచ్చారు. పాలు పొంగించారు. పంతులు గారు సంకల్పం చెబుతూ ఆగి, "యజమాని గోత్రం?" అని అడిగారు.

గంగాధరం గారు నా వైపు చూశారు. నేను మునగచెట్టు వైపు చూద్దామనుకున్నాను కానీ అది పార్కు.

"గోత్రం చెప్పకుండా ప్రవేశం చెల్లదండి," అన్నారు పంతులు గారు.

"అలాంటప్పుడు నిబంధన ఏమిటంటే," అన్నారు గంగాధరం గారు వెంటనే, "లబ్ధిదారు అందుబాటులో లేని పక్షంలో వారి తరఫున సంస్థ అధిపతి వ్యవహరిస్తారు. కమిషనర్ గారి గోత్రం చెప్పెయ్యండి."

కమిషనర్ గారు ఫోటోగ్రాఫరు వైపు చూస్తూ ఉన్నారు. ఎందుకు అడుగుతున్నారో వినిపించుకోకుండానే తన గోత్రం చెప్పి, పీటల మీద కూర్చుని, పట్టణంలోని సమస్త ఈగల తరఫునా కొబ్బరికాయ కొట్టారు. నూకరత్నం ప్రసాదం రెండుసార్లు తీసుకుంది.

ఈగలు రాలేదు. పిడికిలంత గొట్టం, కొత్త రంగు వాసన, అవి ఎందుకొస్తాయి? బల్లులు వచ్చాయి. పార్కులో ఒక దానిలో ఎవరో బీడీలు దాచుకున్నారు. అయినా కంగారుపడాల్సిన పని లేకపోయింది, ఎందుకంటే తర్వాతి ఘట్టం సర్వే.

ఇళ్ళలో లబ్ధిదారులు నిజంగా ఉంటున్నారా లేదా అని చూసే సర్వేకు హౌసింగ్ వారి దగ్గర ఎప్పటినుంచో ఒక యాప్ ఉంది. అందులో ఉన్నవి రెండే మాటలు. తలుపు తెరిచి ఉంది. తాళం వేసి ఉంది. తెరిచి ఉంటే కాపురం ఉంటున్నట్టు. తాళం ఉంటే లేనట్టు. ప్రసన్న ఊరంతా తిరిగి నొక్కుకుంటూ వచ్చింది. బల్లుల ఇల్లు, తలుపు తెరిచి ఉంది. బీడీల ఇల్లు, తెరిచి ఉంది. శ్మశానం గోడ మీది ఇల్లు, తెరిచి ఉంది. అన్నీ కాపురాలే. మా పెరట్లోకి వచ్చి, మట్టితో మూసిన గొట్టాల ముందు నిలబడి, నా మొహంలోకి చూసింది.

"అంకుల్, నాకు తెలుసు లోపల ఉన్నాయని. కానీ మూడో బటన్ లేదు," అంది.

ఆ విధంగా ఊరు మొత్తం మీద ఈగలున్న ఏకైక ఇల్లు, ఈగలు లేని ఏకైక ఇల్లుగా నమోదైంది.

మర్నాడు గంగాధరం గారు నోటీసు పట్టుకొచ్చి పెట్టె ముఖం మీద అంటించారు. మూతలు పడని గొట్టాల్లో ఇంకా పని చేస్తున్న మేస్త్రులు వచ్చి కాగితానికి కొట్టుకుని తిరగసాగాయి. మెల్లగా పక్కకు జరిపి చెక్క మీద అంటిస్తానన్నాను. "తమరు పెద్దవారు కనుక," అని ఒప్పుకున్నారు.

ఆ మాసంలో ఆయన అయ్యప్ప దీక్షలో ఉన్నారు. నల్లబట్టలు, మెడలో మాల, కాళ్ళకు చెప్పుల్లేవు. ఆఫీసులో సగంమంది అలాగే ఉన్నారు. దీక్షలో ఉన్నప్పుడు అందరినీ స్వామీ అని పిలవాలి కనుక బెదిరింపులు కూడా మర్యాదగా వినిపించేవి.

"మీ మీద కాదు స్వామీ, లబ్ధిదారుల మీదే చర్య. తాళం వేసి వెళ్ళిపోయారు. వారం గడువు. తర్వాత తాళాలు పగలగొట్టి వేరే అర్హులకు కేటాయిస్తాం స్వామీ."

"వెళ్ళిపోలేదండి. అది తల్లి వేసిన మూత. లోపల పిల్లలున్నాయి."

"తల్లి ఎక్కడ స్వామీ?"

"పోయి ఉంటుంది."

గంగాధరం గారు నుదుటి విబూది మీద చెమట తుడుచుకున్నారు. "అంటే లబ్ధిదారు మృతి చెందారు. వారసులు?"

"లోపల ఉన్నవే."

"మేజర్లా, మైనర్లా స్వామీ?"

"ఇంకా పురుగు దశండి. పుప్పొడి ముద్ద తింటూ ఉంటాయి. తెరిస్తే చచ్చిపోతాయి. గాలి తగలకూడదు, వెలుతురు తగలకూడదు, చీమలు పడతాయి. దయచేసి కొన్నాళ్ళు ఓపిక పట్టండి, వాటంతటవే వస్తాయి."

ఆయన నా మాట వినలేదని అనలేను. శ్రద్ధగా విని, శ్రద్ధగా నమ్మి, తల అడ్డంగా ఊపారు. "మైనర్లు ఒంటరిగా తాళం వేసిన ఇంట్లో ఉండటం ఇంకా పెద్ద నేరం స్వామీ. తక్షణం విడిపించాలి. అదీగాక రాష్ట్ర బృందం వస్తోంది. ఊరంతా నూటికి నూరు శాతం కాపురం ఉంటే, తమరి ఒక్క ఇంటి వల్ల సగటు పోతోంది."

నేను కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గది తలుపు ముందు బంట్రోతు, తలుపు వెనక కర్టెన్, కర్టెన్ వెనక మీటింగ్. మధ్యాహ్నం దాకా కూర్చున్నాక లోపలికి పంపారు. ఆయన కూడా నల్లబట్టల్లో ఉన్నారు. నా మనవి అంతా విని, "మీ భావోద్వేగాలను ఈ కార్యాలయం గౌరవిస్తుంది స్వామీ," అన్నారు. "కానీ ఒక లబ్ధిదారుకు మినహాయింపు ఇస్తే రేపు కోకిలలు అడుగుతాయి."

ఆ పూట ఇంటికి వచ్చి పెట్టె ముందు కూర్చున్నాను. పెట్టెను తీసి ఎక్కడైనా దాచేద్దామా అనుకున్నాను. కదిలిస్తే పుప్పొడి ముద్దల మీది గుడ్లు రాలిపోతాయి, గుడ్డు పెట్టినప్పుడు కదపకూడదని సుభాషిణే అనేది. ఒక మేస్త్రి నోట చిన్న మట్టి ఉండ పట్టుకుని వచ్చి, నోటీసు అంచు చుట్టూ తిరిగి, దారి చూసుకుని తన గొట్టంలోకి దూరింది. ఇంత గొడవలో కూడా దానికి మట్టి తడిగా దొరికింది కదా అని కొంచెం ఊరట కలిగింది.

గడువు తీరిన పొద్దున గంగాధరం గారు, చేతిలో డ్రిల్లింగ్ మిషనుతో వడ్రంగి, ఫోటోలకు ప్రసన్న, ముగ్గురూ వచ్చారు. ప్రసన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"స్వామి శరణం," అన్నారు గంగాధరం గారు. "చట్టం తన పని తాను చేసుకుపోతుంది స్వామీ. మీరు కాస్త పక్కకు తప్పుకోండి."

నేను తప్పుకోలేదు. పెట్టెకు అడ్డంగా నిలబడ్డాను. వడ్రంగి ప్లగ్గు కోసం చూస్తూ, "కరెంటు ఎక్కడుందండి?" అన్నాడు. నేను చెప్పలేదు. అతను ప్లగ్గు వెతుక్కుంటూ వరండా వైపు నడిచాడు.

అప్పుడు గోడ మీద నుంచి నూకరత్నం తల పైకి లేచింది.

"అయ్యో స్వామీ! స్వామీ! ఆగండాగండి! మాల వేసుకుని, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా పురిటింటి గుమ్మంలో నిలబడ్డారేంటండీ?"

గంగాధరం గారు వేడి పెనం మీద నుంచి తీసినట్టు కాలు వెనక్కి తీసుకున్నారు. "పురుడా? ఎక్కడ మాతా? సార్ స్వామి ఒక్కరే కదా ఇక్కడ?"

"ఆయన ఇంట్లో కాదండి. అదుగో, ఆ ఇంట్లో." ఆవిడ పెట్టె వైపు చూపించింది. "గదికో పురుడు. తల్లి పోయింది కాబట్టి ఆ మైల వేరే. అది పోతే ఇది, ఇది పోతే అది."

"ఈగలకు పురుడేంటి మాతా!"

"ఈగలకు గృహప్రవేశం ఏంటండీ మరి? పాలు పొంగించింది మీరా, నేనా? వంటగది ఇచ్చారు, దొడ్డి ఇచ్చారు. పాలు పొంగిన ఇంట్లో పురుడు రాదా? ఇల్లు ఇల్లేగానీ పురుడు మాత్రం పురుడు కాదంటారా?"

గంగాధరం గారు దీనంగా నా వైపు చూశారు. నూకరత్నం గోడ మీద మోచేతులు ఆనించుకుంది. ఆవిడ ఇంకా అసలు సంగతికి రాలేదని నాకు అర్థమైంది.

"నాకు ఇంకో అనుమానం స్వామీ," అంది మెత్తగా. "సంకల్పంలో ఎవరి గోత్రం చెప్పించారు?"

వరండాలో వడ్రంగి డ్రిల్లింగ్ మిషను వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

"కమిషనర్ గారిది," అన్నారు గంగాధరం గారు గొంతు తగ్గించి.

"ఆయన పీటల మీద కూర్చుని ఇవి నావేనన్నారు. మరి ఇప్పుడు పురుడు ఎవరికి వచ్చినట్టు? నాకు తెలియక అడుగుతున్నాను. పాపం దీక్షలో ఉన్నారు కూడా. మాల తియ్యాలేమో కనుక్కోండి."

గంగాధరం గారు వీధిలోకి వెళ్ళి నిలబడి, అక్కడి నుంచి ఫోను చేశారు. కంగారులో స్పీకరు నొక్కినట్టున్నారు, మా అందరికీ వినిపించింది.

"సార్ స్వామీ, చిన్న పరిపాలనాపరమైన ఇబ్బంది స్వామీ. తమరి గోత్రంలో ప్రసవాలు."

"మా ఇంట్లోనా స్వామీ? ఎవరికి?"

"తమరి ఇంట్లో కాదు స్వామీ. ఈగలకు."

"ఎన్ని స్వామీ?"

"గొట్టానికి ఐదారు ఉండొచ్చు స్వామీ. గొట్టాలు చాలా ఉన్నాయి."

అటువైపు నుంచి, "నా గోత్రం ఎవడు చెప్పమన్నాడయ్యా నిన్ను?" అని ఒక కేక వినిపించింది. అది స్వామీ అన్న పిలుపు లేకుండా ఆ మాసంలో ఆ ఆఫీసు నుంచి వెలువడిన మొదటి వాక్యం.

గురుస్వామి గారిని సంప్రదించారు. ఆయన పెద్దాయన, చాలాసార్లు కొండకు వెళ్ళినవారు. అంతా విని ఆయన చెప్పింది ప్రసన్న ద్వారా మాకు సాయంత్రానికి తెలిసింది. పుట్టినట్టు తెలిస్తేనే పురుడు. తెలియనంతవరకు పట్టదు. తలుపు తెరిచి చూస్తే తెలుస్తుంది. తెరవకపోతే తెలియదు. కాబట్టి తెరవకండి.

"ఇంత తేలికా?" అన్నాను.

నూకరత్నం చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది. "తేలికే అన్నయ్యగారూ. నా ఇంటి తాళం పగలగొట్టిన రోజున ఎవరికీ గురుస్వామి గుర్తుకు రాలేదు, అంతే," అంది. తుంచిన కాయల్లో సగం నా గిన్నెలో పోసింది.

మూడో రోజు సర్క్యులర్ వచ్చింది. కమిషనర్ గారే స్వయంగా చెప్పి రాయించారట. "పురపాలక సంఘ పరిధిలో ప్రసూతి జరిగినట్లు అనుమానించదగిన మట్టి తాళం ఏదైనను, ఎచ్చట ఉన్నను, ఏ అధికారియు దానిని తెరవరాదు, తెరిపించరాదు, తాకరాదు. లోపల ఏమి ఉన్నదను విషయమై ఎవరును తెలుసుకొనరాదు, తెలిసినచో పై అధికారికి తెలియజేయరాదు." మా పెట్టెను సర్వే నుంచి తీసేశారు. దాంతో ఈగలున్న ఒక్క ఇల్లూ పథకంలో లేకుండా పోయి, పథకానికి నూటికి నూరు శాతం వచ్చింది. రాష్ట్ర బృందం వచ్చి, తెరిచి ఉన్న తలుపులన్నీ చూసి సంతోషించి, పురస్కారం ఇచ్చి వెళ్ళింది. పార్కులో బీడీలవాడు కూడా ఫోటోలో పడ్డాడు.

తర్వాత ఆఫీసులో స్వాములందరూ ఇరుముడులు కట్టుకుని శబరిమల వెళ్ళారు. ఊరు కొన్నాళ్ళు నిబంధనలు లేకుండా హాయిగా గడిచింది.

ఒక పొద్దున కాఫీ తాగుతూ ఉండగా ఒక మూతలో గింజంత కన్నం కనిపించింది. మొదట చీమలేమోనని గ్లాసు కింద పెట్టేశాను. దగ్గరికి వెళ్ళి చూస్తే లోపల నుంచి ఏదో మట్టిని కొరుకుతోంది. కొంచెం కొరికి ఆగుతోంది, మళ్ళీ కొరుకుతోంది. కాసేపటికి ఒక బూడిదరంగు తల, రెండు మీసాలు. బయటి వెలుతురుకు కంగారుపడినట్టు మళ్ళీ లోపలికి పోయింది. ఎవరో నచ్చజెప్పినట్టు మళ్ళీ వచ్చింది. గొట్టం అంచు మీద కూర్చుని రెక్కలు సవరించుకుంది. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. చూసుకునే తల్లి లేదు. ఉన్నదల్లా వెళ్ళేముందు ఆవిడ పెట్టి వెళ్ళిన ఒక ముద్ద, ఒక గోడ. అది చాలింది. ఎగిరి మునగపూల మీదికి వెళ్ళిపోయింది.

"నూకరత్నం!" అని పిలిచాను.  ఆవిడ గోడ మీదికి వచ్చి, చూసి, ఇంకా విప్పని మూతల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

కమిషనర్ గారు తిరిగొచ్చిన రోజున నాకు ఆఫీసులో ఇంటి పన్ను పని పడింది. నూకరత్నం కూడా తోడు వచ్చింది. లోపల బంట్రోతు లేడు, కర్టెన్ లేదు. వరండాలో వేపచెట్టు నీడ పడేచోట ఒక పాత బల్ల, దాని వెనక కమిషనర్ గారు. ఎదురుగా జనం. ఎవరూ ఎవరినీ ఆపడం లేదు. ఒక ముసలమ్మ ఆయన బల్ల మీదే చేతిసంచి పెట్టి, పింఛను సంగతి ఆయన మొహాన చెబుతోంది. ఆయన వింటున్నారు. వినక చేసేదేమీ లేదు, ఎదురుగా ఉంది.

"ఏంటి స్వామీ, గదికి సున్నం వేయిస్తున్నారా?" అని అడిగాను గంగాధరం గారిని. ఆయన మాల తీసేశారు. ఇప్పుడు చెప్పులున్నాయి కానీ అడుగు మాత్రం ఇంకా ఆచితూచి వేస్తున్నారు.

"కాదు సార్," అని, మాటల్లో చెప్పడానికి నిబంధన అడ్డు కాబోలు, కమిషనర్ గారి గది తలుపు వైపు కళ్ళతో చూపించారు.

ఆయన కుర్చీ వెనకే ఉంది ఆ పాత తలుపు. పెద్ద ఇత్తడి తాళం కప్ప పెట్టి బిగించి ఉంది. ఆయన కొండకు వెళ్ళిన రోజుల్లో ఎవరూ తాళంచెవి పెట్టని ఆ తాళం రంధ్రం మీద ఇప్పుడు తడి ఆరిన మట్టి బిళ్ళ గుండ్రంగా, నున్నగా మెరుస్తోంది.

"పగలగొట్టొచ్చు కదండీ?" అంది నూకరత్నం అమాయకంగా.

"ఎచ్చట ఉన్నను అని రాశారు మాతా," అన్నారు గంగాధరం గారు. దీక్ష అయిపోయినా ఆవిడను మాతా అనడం మానలేదు.

అంతలో ఒక మేస్త్రి, నోట చిన్న మట్టి ఉండతో, ముసలమ్మ తల మీదుగా, ఫైళ్ళ మీదుగా ఎగిరి వచ్చింది. ఆ బిళ్ళకు పక్కన తలుపు చెక్కలో మేకు ఊడిన కన్నం ఒకటుంది, దానికి దారి ఎక్కడా అన్నట్టు కమిషనర్ గారి భుజం దగ్గర గాలిలో నిలబడి తచ్చాడింది. ఆయన పింఛను కాగితం మీద నుంచి తలెత్తి చూశారు. చూసినట్టు కూడా చూపించుకోలేదు. ముసలమ్మతో మాట్లాడుతూనే, తన కుర్చీని జానెడు పక్కకు జరుపుకున్నారు.